బావ గీకిన చోటు

జూన్ 6

అక్కా,

క్షేమంగా చేరాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది కానీ పక్కనాయన దారి పొడుగునా నా భుజాన్నే దిండు చేసుకున్నాడు. నువ్వు కట్టిచ్చిన డబ్బా నా నోటిదాకా రాలేదు. నాతో పనిచేసే గుండు షెడ్డు గుమ్మంలోనే లాగేసుకున్నాడు. నీ చేతి వంట తిని ఏడాది దాటిందట, వాడి బాధ వాడిది.

ఫోను చేయకుండా ఈ ఉత్తరమేంటి అనుకోకు. ఫోన్లో నా గొంతు అచ్చం బావ గొంతులా వినిపిస్తోందని, పెట్టేశాక రెండు రోజులు మనిషిని కాలేకపోతున్నానని నువ్వే అన్నావుగా. ఈ రాతకైతే గొంతు లేదు. నా దస్తూరీ బావ దస్తూరీలా ఉందని మాత్రం ఎవరూ అనలేరు.

ఇక్కడ కబుర్లంటే మా ముసలమ్మ కబుర్లే. గుర్తుందిగా, ఆ రెండు పంకాల పాత విమానం? బావ దాన్ని పెళ్ళాం కంటే బాగా చూసుకుంటాడని నువ్వు దెప్పేదానివే, అదే. వానలు మొదలైన దగ్గర్నుంచి దానికి కొత్త జబ్బు పట్టుకుంది. ఇంజన్లు నడుస్తుంటే కెప్టెనమ్మ చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లో కూనిరాగం వినిపిస్తోంది. ఇంజను వేగం పెంచితే రాగం పైకి పోతుంది, తగ్గిస్తే కిందికి దిగుతుంది. మధ్యమధ్యలో గొంతు సవరించుకున్నట్టు ఒక గరగర. గుండు చెవికి పెట్టుకుని విని, మొహం పాలిపోయి, "మీ బావరా" అన్నాడు. బావ పని చేస్తూ ముక్కుతో అలాగే పాడుకునేవాడు కదా. ఇక షెడ్డంతా అదే మాట. మధ్యాహ్నం టీ పోసుకునేటప్పుడు ఒక గ్లాసు ఎక్కువ పోసి ముసలమ్మ ముక్కు కింద పెడుతున్నారు, వెధవలు. నువ్వు నవ్వుతావని రాస్తున్నాను.

అత్తయ్యగారి మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయో రాయి.

నీ తమ్ముడు


జూన్ 13

ఒరేయ్ తమ్ముడూ,

నవ్వుతానని రాశావా? నీ ఉత్తరం చదివి వంటింట్లో గట్టుకి ఆనుకుని అలాగే ఉండిపోయాను. పొయ్యి మీద పాలు పొంగి నేల మీదికి కారేదాకా తెలియలేదు. మా అత్తగారు హాల్లోంచి "మాడు వాసనమ్మా" అని అరిస్తే అప్పుడు కదిలాను.

ఏం పాట అది? నువ్వు పూర్తిగా రాయలేదు. ఆయనకి వచ్చినవే రెండు పాటలు. రెండూ సగమే వచ్చు. ఆ సగంలోంచి ఈ సగంలోకి ఎప్పుడు దూకుతారో ఆయనకే తెలియదు. అది విన్నారా మీరు? గొంతు సవరించుకోవడం ఒకసారా, రెండుసార్లా? ఆయన ఎప్పుడూ రెండుసార్లు సవరించుకునేవారు, రెండోది చిన్నగా. నువ్వు స్వయంగా విన్నావా, లేక గుండు మాటలు నాకు మోస్తున్నావా? తెలిస్తే తెలిసినట్టు రాయి.

నీకో సంగతి చెప్తాను, ఎవరితోనూ అనకు. మా వంటింటి ఫ్రిజ్ ఉందే, దాని తలుపు పిడి పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. ఆయన ఉన్నప్పట్నుంచీ ఉంది. దానికి ఎర్తు వైరు సరిగ్గా లేదే, కడతాలే, అనేవారు. రేపు, ఎల్లుండి, ఆదివారం. ఊరందరి విమానాలకీ కట్టే మనిషికి ఇంట్లో ఫ్రిజ్‌కి కట్టే తీరిక లేదని నేను సణగని రోజు లేదు. ఆ చివరి రోజు పొద్దున కూడా చెప్పులేసుకుంటూ, "సాయంత్రం వచ్చి చేస్తాలేవే" అన్నారు. సాయంత్రం మీరంతా వచ్చారు, ఆయన రాలేదు.

దాన్ని బాగుచేయించలేదు నేను. పొద్దున్నే లేచి ముందు ఆ పిడి పట్టుకుంటాను. జివ్వుమంటుంది. అప్పుడు పొయ్యి వెలిగిస్తాను. విచిత్రమేంటంటే మా అత్తగారికి ఏమీ అనిపించదట. చెప్పులేసుకుని తిరుగుతుంది కాబట్టి అంటావు, నాకు తెలుసు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే రకానివి.

పాట సంగతి వెంటనే రాయి. ఆవిడ మోకాళ్లు అలాగే ఉన్నాయి.

అక్క


జూన్ 20

అక్కా,

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అనలేదు. సరదాకి రాసిన ముక్కని నువ్వు ఇలా పట్టుకుంటావనుకోలేదు. ఇప్పుడు కడుక్కుంటున్నాను, విను.

అది బావ కాదు. పాటా కాదు. ఇంజను తిరుగుతుంటే దాంతోపాటు కరెంటు పుట్టించే యంత్రం తిరుగుతుంది, దాని గోల అది. అందుకే ఇంజనుతో పాటు పైకీ కిందికీ పోతుంది. ఆ గోల రేడియోలోకి ఎందుకు దూరింది అంటే, రేడియో పెట్టెకు బాండింగ్ పోయి ఉంటుంది. బాండింగ్ అంటే నీ ఫ్రిజ్‌కి ఎర్తు లాంటిదే. ఇంట్లో అయితే దారి తప్పిన కరెంటు వైరు పట్టుకుని నేలలోకి పోతుంది. గాల్లో ఎగిరేదానికి నేల ఎక్కడిది? దాని ఒళ్లే దానికి నేల. అందుకని లోపలున్న ప్రతి లోహపు పెట్టెనీ విమానం ఒంటితో కలుపుతాం. కలిపే చోట రంగు గీకేస్తాం. సీసా మూతంత చోటు, తళతళలాడే లోహం బయటపడేదాకా గీకి, దాని మీద జడలా అల్లిన రాగి పట్టీ పెట్టి బోల్టు బిగిస్తాం. లోహానికి లోహం తగలాలి. మధ్యలో రంగు కానీ జిడ్డు కానీ పొరగా ఉందా, ఆ పెట్టె విమానంలో ఉండీ లేనట్టే. ఎవరితోనూ కలవని మనిషి ఊళ్లో చెత్త కబుర్లన్నీ ఏరుకున్నట్టు, చుట్టూ ఉన్న గోలనంతా ఏరుకుని కెప్టెనమ్మ చెవిలో పోస్తుంది.

ఇది నేను కనిపెట్టింది కాదు, బావ నేర్పిందే. కొత్తలో నేను ఒక చోట సగం గీకి వదిలేస్తే, "తలుపు సగం తెరిచి చుట్టాన్ని రమ్మంటావట్రా" అని నా చేతిలో గరుకు కాగితం లాక్కుని తనే గీకాడు.

హెడ్‌ఫోన్లు మార్చాం, రేడియో మార్చాం, జబ్బు పోలేదు. కాబట్టి పెట్టె దగ్గరే ఉంది. పైగా ఇంజను నడిచేటప్పుడు దాన్ని ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది. ఖాయంగా బాండింగే. పెద్ద తనిఖీకి వచ్చినప్పుడు విప్పి చూస్తాం, అయిపోతుంది.

ఫ్రిజ్ సంగతి మాత్రం ఆటలు కాదు. తడి చేత్తో ముట్టుకుంటే ఏమవుతుందో తెలుసా? రేపే ఎలక్ట్రీషియన్ని పిలువు. నా మీద ఒట్టు.

నీ తమ్ముడు


జూన్ 28

తమ్ముడికి,

చెయ్యి జివ్వుమంటోందా?

ఆ ఒక్క ముక్క చదివాక మిగతా పాఠం నాకు ఎక్కలేదు. ఇక్కడ నా చెయ్యి, అక్కడ మీ చేతులు. ఇది గాక ఇంకేం కావాలిరా నీకు? నువ్వు చెప్పిన కరెంటు, యంత్రం, జడ, అన్నీ నిజమే కావచ్చు. ఆయన రావాలంటే ఏ దారిన వస్తారు మరి? ఆయనకి తెలిసిన దారినే వస్తారు. బతికున్నన్నాళ్లూ తిరిగింది ఆ వైర్ల మధ్యే కదా.

ఇంకో మాట. ఆయన ఆ పెట్టె దగ్గరే ఉన్నారంటే నాకు ఆశ్చర్యం లేదు. ఆ చోటు ఆయనకి నేను గుర్తుపెట్టి వచ్చాను. ఆయన సామాను తీసుకోవడానికి నేను షెడ్డుకి వచ్చాను చూడు, అప్పుడు. నువ్వే కదా ముసలమ్మ ముక్కు తలుపు తీసి చూపించావు. రేడియో పెట్టె పక్కకి తీసి ఉంది, అది కూర్చునే అల్మారా రేకు మీద రంగు గీకిన చోటు గుండ్రంగా మెరుస్తోంది. "ఇదే బావ చివరిగా చేసిన పని అక్కా, ఇది గీకి, కాస్త కూర్చుంటానురా అని కూర్చున్నాడు" అన్నావు. ఇంతలో ఫోర్‌మన్ పిలిస్తే వెళ్లావు. ఆ మెరుపుని అలా వదిలి రాబుద్ధి కాలేదు నాకు. అంత బోసిగా ఉంది అది. నా సంచిలో గోళ్ల రంగు ఉంది, ఆయన కొన్నదే, దానిమ్మ గింజ రంగు. ఆ గుండ్రమంతా పూశాను. రెండు పొరలు పూశాను. నా చేతిది ఒకటి ఆయన దగ్గర ఉండాలనిపించింది. నువ్వు వచ్చేసరికి సీసా సంచిలో పెట్టేసుకున్నాను. చూశావా, ఆయన దాన్ని వదిలి వెళ్లలేదు.

ఇప్పుడు నువ్వు దాన్ని విప్పి బాగుచేస్తానంటున్నావు. బాగుచేస్తే ఆ పాట ఆగిపోతుందా? సూటిగా చెప్పు. ఆగిపోతుందంటే బాగుచేయకు. ఆయన స్టూలు నీకే ఇచ్చారు, ఆయన పనిముట్ల పెట్టె నీకే ఇచ్చారు, ఆయన పేరు చెప్పే చోట ఇప్పుడు నీ పేరు చెప్తున్నారు. నేను ఒక్క మాట అన్నానా? ఆ గొంతు కూడా లేకుండా చేస్తే గానీ నీకు అక్కడ కుదురుగా ఉండదేమో.

అక్క


జూలై 4

అక్కా,

స్టూలు మాట చదివి రెండు రోజులు నీకు రాయకూడదనుకున్నాను. ఆ స్టూలు మీద నేను ఇప్పటిదాకా కూర్చోలేదు. గుండుని అడుగు. దాని మీద గుడ్డముక్కల డబ్బా పెట్టాం. ఇక ఆ సంగతి వదిలేస్తున్నాను, ఎందుకంటే నీ ఉత్తరంలో అంతకంటే పెద్దది ఉంది.

అక్కా, నువ్వు పూసిన రంగే ఆ పాట.

కోప్పడకుండా విను. ఆయన గీకింది లోహానికి లోహం తగలడానికి. దాని మీద నువ్వు రెండు పొరలు పూశావు. ఆ మర్నాడు పట్టీ బిగించింది గుండు. ఎర్రగా పూత కనిపించింది, వాడు చూశాడు. నేను కూడా చూశానేమో, నా కళ్లు ఆ వారం నావి కావు. బిగించిన బోల్టుల మీద మేం ఎర్ర లక్క గీత పెడతాం, కదిలితే తెలియడానికి. అలాంటిదేదో బావ తన పద్ధతిలో పూసుకున్నాడనుకున్నాడు వాడు. వేరే ఎవరు చేసిన పనైనా మళ్లీ గీకేవాడు. కానీ బావ గీకిన చోట ఇంకొకరు గీకడం షెడ్డులో ఎప్పుడూ లేదు, పోయిన ఆ వారంలో అసలే చేయి రాదు. మర్యాదకి అలాగే బిగించేశాడు. మీటరు పెడితే బాగానే చూపించింది, బోల్టు మరలు లోపల తగులుతున్నాయి కాబట్టి. ఏడాది పాటు అదిరి అదిరి బోల్టు కాస్త వదులై ఉంటుంది. వానల తేమ చేరింది. మిగిలింది నీ దానిమ్మ రంగు ఒక్కటే. ఇప్పుడు వాడు అన్నం తినడం లేదు.

ఆగిపోతుందా అని సూటిగా అడిగావు. ఆగిపోతుంది.

బాగుచేయకు అన్నావు. పోయిన శనివారం కెప్టెనమ్మ మబ్బులో ఉంది. కింద నుంచి ఎటు తిరగాలో చెప్పారు. ఆ కూనిరాగంలో ఆవిడకి ఎడమో కుడో తెలియలేదు. మళ్లీ అడిగింది, మళ్లీ వినపడలేదు. ఎదురుగా ఇంకో విమానం దిగుతోంది. ఎలాగో తిప్పుకుంది. దిగాక మెట్ల మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. వెనక సీట్లలో పసిపిల్లతో ఒకావిడ ఉంది, ఏమీ తెలియక నవ్వుతూ దిగి వెళ్లింది. బావ ఉంటే ఆ మాట విని ఏం చేసేవాడో నీకు నేను చెప్పాలా?

నీ ఉత్తరం చేతిలో ఉండగానే ఫోర్‌మన్ దగ్గరికి వెళ్లాను. ముసలమ్మని ఎగరనివ్వద్దు, పట్టీ కింద రంగు ఉంది అన్నాను. విప్పకుండా ఎలా తెలుసురా అన్నాడు. మా అక్క చెప్పింది అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి, సరే అన్నాడు. షెడ్డులో పెట్టేశాం. దానికి కొత్త చక్రం కూడా రావాలి, పదిహేనో తారీకు దాకా కదలదు. ఆ రోజు విప్పుతాం. విప్పేముందు ఒకసారి నేల మీదే ఇంజన్లు నడిపి గోల ఎంత ఉందో చూస్తాం. నువ్వు రావాలనుకుంటే రా. హెడ్‌ఫోన్ నీ చేతికి ఇస్తాను. ఫోర్‌మన్‌ని అడిగాను, ఒప్పుకున్నాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది నా పరిస్థితి. నువ్వు ఏమనుకున్నా ఆ రోజు అది గీకక తప్పదు.

తమ్ముడు


జూలై 9

తమ్ముడూ,

వస్తున్నాను. మా అత్తగారికి పక్కింటావిడని తోడు పెడుతున్నాను. బస్టాండుకి రానక్కర్లేదు, దారి నాకు తెలుసు.

గీకడం మాత్రం నువ్వు గీకొద్దు, గుండునీ గీకనివ్వకు. నా రంగు నేనే తీస్తాను. గోళ్ల రంగు తుడిచే మందు సీసా నా దగ్గర ఉంది.

గుండుని అన్నం తినమను.

అక్క


జూలై 17

అక్కా,

నువ్వు అలా వెళ్లిపోతే ఎలా? టీ కూడా తాగలేదు. నేను పట్టీ కోసం అటు తిరిగి ఇటు తిరిగేసరికి నువ్వు గేటు దగ్గర ఉన్నావు. పిలిస్తే వెనక్కి చూడలేదు. ఇల్లు చేరావో లేదో పక్కింటావిడకి ఫోను చేసి కనుక్కున్నాను, నీకు చెప్పిందో లేదో.

నువ్వు రంగు తుడిచావు కానీ తుడిచిన చోటు చూడలేదు. దూది పట్టుకుని కళ్లు మూసుకునే రుద్దావు, నేను చూస్తూనే ఉన్నాను. ఎర్రగా అయిన దూదిని సంచిలో వేసుకుని దిగిపోయావు. అందుకని అక్కడ ఏముందో నేను రాస్తున్నాను, నువ్వు చూసినట్టే అనుకో.

అది మెరుస్తోంది అక్కా. ఏడాది గాలి తగిలితే ఏ రేకైనా మసకబారుతుంది. పక్కనే వేరే పెట్టెకి నేను గీకిన చోటు చూశాను, బూడిద రంగు తిరిగింది. ఇది మాత్రం ఇప్పుడే గీకినట్టుంది. నీ రంగు కింద గాలి ఆడలేదు కదా. ఆ మెరుపులో గీతలు కనిపిస్తున్నాయి. మేం గీకితే సున్నాలు కుడివైపు తిరుగుతాయి. ఇవి ఎడమవైపు తిరిగి ఉన్నాయి. షెడ్డులో ఎడమచేతి వాటం ఇంకెవరికి ఉంది?

గుండు అలవాటు కొద్దీ గరుకు కాగితం తీశాడు. మళ్లీ గీకి బిగించడమే పద్ధతి. ఫోర్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. జేబులోంచి భూతద్దం తీసి, అద్దంలోంచి ఆ చోటు చాలాసేపు చూశాడు. తెల్లగుడ్డతో తుడిచి గుడ్డ చూశాడు. తర్వాత, "శుభ్రంగా ఉంది. దీన్ని గీకక్కర్లేదు, మీటరు పెట్టండి" అన్నాడు. కొత్త పట్టీ, కొత్త బోల్టు వేసి మీటరు పెట్టాం. ముల్లు సున్నా పక్కకి వెళ్లి పడుకుంది. అంత బాగా నేనెప్పుడూ చూడలేదు. కాబట్టి ఆ రేడియో పెట్టె ఇవాళ విమానాన్ని పట్టుకుని ఉన్నది బావ గీకిన చోటు మీదే.

మళ్లీ ఇంజన్లు నడిపాం. ఏమీ లేదు. పెట్టె మీద చెయ్యి పెట్టాను, చల్లగా, మామూలు పెట్టెలా ఉంది. కెప్టెనమ్మ హెడ్‌ఫోన్ని వేలితో కొట్టి, ఇది పనిచేస్తోందా అని అడిగింది. అంత నిశ్శబ్దం. నిజం చెప్పాలంటే నాకు ఏడుపొచ్చింది. కనిపెట్టి, విప్పించి, ఆపింది నేనే, అయినా వచ్చింది. గుండు మధ్యాహ్నం ఒక గ్లాసు ఎక్కువ పోసి, తనే తాగేశాడు.

ఒక్కటి అడుగుతాను. విప్పేముందు ఇంజన్లు నడిపినప్పుడు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నావు, ఆగేదాకా తీయలేదు. తీశాక చిన్నగా నవ్వావు. ఏం విన్నావు?

నీ తమ్ముడు


జూలై 26

ఒరేయ్ చిన్నోడా,

ముందు స్టూలు సంగతి. నోరు జారి రాయలేదు, కావాలనే రాశాను. ఆ రోజు ఎవరినైనా కరవాలనిపించింది, నువ్వయితే తిరిగి కరవవని తెలుసు. దాని మీద కూర్చో. గుడ్డముక్కల డబ్బా తీసి కింద పెట్టు. ఆయన చూస్తే ఆ డబ్బాని తన్నేవారు.

ఏం విన్నానని అడిగావు. చెవికి పెట్టుకోగానే తెలిసిపోయింది రా, ఆయన కాదని. అది శ్రుతిలో ఉంది. ఎంత చక్కగా పైకి వెళ్లి, ఎంత చక్కగా కిందికి దిగిందో. మీ బావ ఏనాడైనా శ్రుతిలో పాడారా? పెళ్లైన కొత్తలో నేను ఆ పాట వినలేక పెరట్లోకి వెళ్లి కూర్చునేదాన్ని. అందుకే నవ్వాను. అయినా ఆగేదాకా తీయలేకపోయాను. ఆయన కాదని తెలిసి కూడా, ఆయన పోయిన ఏడాదికి ఆ పాటే కదా ఆయన చోట కూర్చుంది అనిపించింది. కళ్లు మూసుకుని తుడిచానంటావా? అవును. చూస్తే మళ్లీ పూసేదాన్ని.

నువ్వు రాసిన ఎడమ గీతల ముక్క ఎన్నిసార్లు చదివానో. మా అత్తగారికి కూడా చదివి వినిపించాను. ఆవిడ విని, "వాడు పలక మీద కూడా అలాగే రాసేవాడు" అంది.

ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను. నిమ్మళంగా చదువు.

నీ దగ్గర్నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే లేచి ఫ్రిజ్ పిడి పట్టుకున్నాను. ఏమీ లేదు. నిద్రమత్తేమో అనుకుని మళ్లీ పట్టుకున్నాను. లేదు. చెప్పులు లేవు కాళ్లకి. చెయ్యి తడి చేసుకుని పట్టుకున్నాను, తిట్టకు. లేదు. ఆ రోజంతా వెళ్లి వెళ్లి పట్టుకున్నాను. లోపల దీపం వెలుగుతోంది, నీళ్లు చల్లగా ఉన్నాయి, నా చేతికి మాత్రం ఏమీ తెలియడం లేదు. వారం చూశాను. ఇక ఉండబట్టలేక వీధి చివర ఎలక్ట్రీషియన్ని పిలిపించాను. ఏమైందమ్మా అన్నాడు. ఫ్రిజ్ షాకు కొట్టడం లేదు, చూడు బాబూ అన్నాను. పాపం, నా మొహంలోకి చూసి, వెనక్కి ఒక అడుగు వేశాడు.

ఫ్రిజ్ జరిపి వెనక వంగి, గోడలో ప్లగ్గు పెట్టె విప్పాడు. ఎర్తు సరిగ్గానే ఉందమ్మా, దీనికి షాకు కొట్టే అవకాశమే లేదు అన్నాడు. ఎప్పట్నుంచి అన్నాను. ఈ కట్టు వేసినప్పట్నుంచి అన్నాడు. ఎవరు వేశారు, మేం ఎవరినీ పిలవలేదే అన్నాను. నన్ను రమ్మని లైటు వేసి చూపించాడు. వైరు తలకి నల్ల టేపు చుట్టి ఉంది. టేపు విప్పాడు. లోపల రాగి పోగులు మెరుస్తున్నాయి.

అతను అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఎవరో ఎడమచేతి వాటం మనిషి కట్టాడమ్మా. మెలిక తిరగేసి ఉంది, చూడండి."

టేపు కింద గాలి ఆడదు కాబట్టి మెరుస్తోంది, ఎప్పుడో కట్టిందే అంటావు. నాకు తెలుసు, నువ్వే నేర్పావు. ఆ చివరి రోజు పొద్దున సాయంత్రం చేస్తానని ఊరికే ఆటపట్టించారు, అప్పటికే కట్టేశారు, నేను ఎన్నాళ్లు సణుగుతానో చూద్దామనుకున్నారు అంటావు. ఆయన అలాంటి మనిషే, కాదనను. సరే, అప్పటికే కట్టేశారు. మంచి కట్టు, మీటరు పెట్టి చూసి మరీ అతను సర్టిఫికెట్ ఇచ్చాడు. మరి ఏడాది పైగా రోజూ పొద్దున్నే నా చెయ్యి పట్టుకున్నదేంటిరా? నువ్వు పెట్టెకి కట్టిన రోజే అది ఎందుకు వదిలేసింది?

నువ్వు అన్నీ మీటరు పెట్టి చెప్తావుగా. ఇది చెప్పు.

అక్క


ఆగస్టు 2

అక్కా,

నీ ఉత్తరం అందింది. మొన్నట్నుంచి స్టూలు మీద కూర్చునే దీనికి జవాబు రాస్తున్నాను. తేమ గురించి ఒక పేజీ రాశాను, నేల గురించి ఒక పేజీ రాశాను, అలవాటు పడిన చెయ్యి లేనిది కూడా ఉందనుకుంటుందని ఒక పేజీ రాశాను. ఏదీ నాకే నమ్మబుద్ధి కాలేదు, చించేశాను.

ఆదివారం వచ్చి నేనే మీటరు పెట్టి చూస్తానని రాద్దామనుకున్నాను. అదీ వద్దు. వస్తాను, భోజనానికి వస్తాను. ఫ్రిజ్ వెనక్కి మాత్రం వెళ్లను. నువ్వూ ఎవరినీ వెళ్లనివ్వకు. ఎలక్ట్రీషియన్ విప్పిన టేపు మళ్లీ చుట్టాడో లేదో చూసుకో. చుట్టకపోతే నువ్వే చుట్టు. మెలిక మాత్రం కదపకు. బావ కట్టింది, ఉండనీ.

నీ తమ్ముడు